జ్యోతక్కను అడగండి

ఉగాది ఇంకా పక్షం రోజులుందనగా మా అల్లుడు బసవరాజు మోటార్‌సైకిల్ మీద ఆత్మకూరు దాటి మా పందిరికి వచ్చాడు. వచ్చినవాడు బండి దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, నా చేతిలోని మైకు వైపు చూసి, ఆపమన్నట్టు చెయ్యి ఊపాడు. రాయచూరు దిక్కు నుంచి వచ్చిన పెద్దాయనెవరో కంబళి మరిచిపోయి వెళ్ళాడని చెప్తున్నాను నేను. మాట మధ్యలోనే ఆపాను.

"మామా, నా పెండ్లాన్ని నాకు ఇప్పించు," అన్నాడు.

పరాచికం అనుకున్నాను. ముఖం చూశాక కాదని తెలిసింది.

మా ఊరు ఆదోనికి పడమర. ప్రతి ఏటా ఫాల్గుణ మాసంలో మేం ఊరివాళ్ళం గుండిగలు, గంగాళాలు లారీకెత్తుకొని నందికొట్కూరు మీదుగా వచ్చి, ఆత్మకూరు దాటాక కాలిబాట రోడ్డును వదిలి నల్లమలలోకి తిరిగే చోట పందిరి వేస్తాం. కన్నడ దేశం నుంచీ, మా దిక్కు ఊళ్ళ నుంచీ ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే జనానికి అడవిలో అడుగుపెట్టే ముందు కడుపు నిండా అన్నం పెట్టడం మా పని. దాన్ని దాసోహం అంటాం. పెట్టేవాడు దొర కాదు, దాసుడు అని ఆ మాటలోనే ఉంది. అయితే రోజూ నోట్లో నానే మాటలో ఏముందో ఎవరు చూస్తారు.

మా ఆవిడ శివపార్వతి దీన్ని మజ్జిగ కుండలతో మొదలుపెట్టింది. ఆమె పోయాక మా అమ్మాయి శివజ్యోతి చేతికి వచ్చింది. జ్యోతి చేతిలో మజ్జిగ పందిరి అన్నం పందిరైంది, కట్టెల పొయ్యి గ్యాసు పొయ్యైంది. నీళ్ళ ట్యాంకర్లు, అడవి ఆఫీసులో పర్మిషన్లు, మైకు, అన్నీ వచ్చాయి. ఊళ్ళో పొదుపు సంఘాలకు కూడా తనే లీడరు. అందుకే అందరూ లీడరమ్మ అంటారు. మొదట్లో ఆ పిలుపులో ముద్దు ఉండేది. ఈ మధ్య అది కొంచెం అటూ ఇటూ చూసి పిలిచే పిలుపైంది.

బసవరాజు తన గోడు చెప్పుకున్నాడు. ఇంట్లో ఆమె కూర్చొని అన్నం తిన్నది చూసి ఎన్నాళ్ళయిందో తనకు గుర్తు లేదట. ఫోను పక్కన పెట్టదట. నిద్రలో కూడా గోదాము తాళం ఎవరి దగ్గరుందని అడుగుతుందట. ఆదోనిలో డాక్టరు బీపీ మాత్రలు రాసిచ్చి, మాత్రలకన్నా నిద్ర ముఖ్యమని చెబితే, ఉగాది కానియ్యండి సార్ అని వచ్చిందట. "కొట్లాడనీకి రాలేదు మామా. నాకు చూడనీకి అయితలేదు. ఈ ఉగాదితో తేల్చుకొమ్మను. పందిరో, ఇల్లో. ఆమె మనిషే కాకుండా పోతాంది."

నేను మాట్లాడతానన్నాను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి, రాజ్యాలు ఎందుకు కూలాయో ఎంతసేపైనా చెప్పగలను. కూతురితో ఏం చెప్పాలో తోచలేదు.

జ్యోతి అప్పుడు స్టోరు దగ్గర ఉంది. చెవికి ఫోను ఆనించుకొని, ఒక చేత్తో కందిపప్పు మూట ముడి విప్పుతూ, కళ్ళతోనే ఇంకెవరికో కొత్తిమీర ఎక్కడుందో చూపిస్తోంది. భర్తను చూసి సంతోషించింది. సంతోషించిన వెంటనే, వచ్చావు కదా ఆ జనరేటరు సంగతి చూడు అంది. బసవరాజు నా వైపు చూసి నవ్వలేక నవ్వాడు. జనరేటరు దగ్గరికి వెళ్ళాడు.

ఆమె ఫోను పెట్టేసేదాకా ఆగి నెమ్మదిగా చెప్పాను. విన్నది. విని, "సగంలో ఇడిసిపెట్టి రానీకి ఇదేమన్నా సినిమానా నాయనా? నేను లేకుంటే ఒక్క పూట నడవదు ఈడ. నువ్వే చూస్తాండావు కదా," అంది.

చూస్తూనే ఉన్నాను. ఆమె చెప్పింది నిజం. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. జనం కూడా ఎప్పటికన్నా ఎక్కువ. పొద్దున తెల్లవారక ముందు నుంచే రోడ్డు మీద పాదాల చప్పుడు, గంటల చప్పుడు. కర్రకాళ్ళ మీద నడిచేవాళ్ళు, బిడ్డను భుజానికెత్తుకున్నవాళ్ళు, నెత్తిన చీర, సారె, గాజుల బుట్ట పెట్టుకున్న ఆడవాళ్ళు. కన్నడం వాళ్ళకు భ్రమరాంబ ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. వాళ్ళు దేవుణ్ణి చూడటానికి పోరు. ఇచ్చిన చోట బిడ్డ ఎట్లా ఉందో చూసి రావడానికి పోతారు.

పందిరిలో మాత్రం రోజంతా ఒకే మాట వినిపించేది: జ్యోతక్కను అడగండి. దానికి ఒక కారణం ఉంది. ఆ ఏడు పందిరి వేసిన కొత్తలో ట్యాంకరు డ్రైవరు మహానంది తాగే నీళ్ళ డ్రమ్ముల్లో వాడకం నీళ్ళు దింపేశాడు. తెలియక చేసిన పని. జ్యోతి అందరినీ నిలబెట్టి, ఇక మీదట నన్నడక్కుండా ఎవరూ ఏదీ చెయ్యొద్దు అని గట్టిగా చెప్పింది. మా ఊరివాళ్ళు పెద్దవాళ్ళ మాట తూచా తప్పరు. కోపం వచ్చినప్పుడు మరీ తప్పరు. ఆకులు ఏ మూటలోంచి తియ్యాలి? జ్యోతక్కను అడగండి. కుక్క లోపలికి వచ్చింది, తోలాలా? జ్యోతక్కను అడగండి. ఒకరోజు పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే పెద్దక్క గిన్నె పక్కనే చేతులు కట్టుకొని నిలబడి ఉంది. పెద్దక్క మా ఆవిడకు వరసకు అక్క అవుతుంది, పందిరి మొదలైన నాటి నుంచి ఉన్న మనిషి. దించరాదా పెద్దక్కా అంటే, "నాకు ఆర్డరు రాలేదు సారూ," అంది. పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

జ్యోతి పరుగెత్తుకొచ్చి పాలు దించింది. ఎవరేం నవ్వారో ఆమె పట్టించుకోలేదు. పట్టించుకునే తీరిక ఆమెకు లేదు.

అంత జరిగినా ఉరుకుందప్ప ఒక్కడు ఆమె మాట మీద కొంచెం స్వతంత్రం తీసుకునేవాడు. వంటాయన ఆయన. జ్యోతి చిన్నాయనా అని పిలుస్తుంది. సన్నగా, వంకాయ తొడిమలా ఉంటాడు. గుండిగ పక్కన నిలబడితే ఎవరు ఎవరిని వండుతున్నారో తెలియదని పిల్లప్పుడు జ్యోతే అనేది. ఒక పూట చారులో ఉప్పు ఎక్కువైంది. పంక్తిలో ఒకరిద్దరు మజ్జిగ అడిగారు, అంతే. జ్యోతి వేలితో రుచి చూసింది. తరవాత అంత మందిలో, గొంతు తగ్గించకుండా అంది: "ముసిలోనివైనావు చిన్నాయనా. నాలిక సచ్చిపోయింది నీది. ఇంటికాడ కూర్చోరాదూ?"

ఉరుకుందప్ప తలకు చుట్టుకున్న టవల్ విప్పాడు, నాలుగు మడతలు పెట్టాడు, తెడ్డు గుండిగ మీద అడ్డంగా పెట్టాడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి దాకా నడిచి పోయి దాని మీద కూర్చున్నాడు, మా వైపు వీపు పెట్టి.

ఎవరూ వెళ్ళి పిలవలేదు. పిలవాలా వద్దా అన్నది కూడా జ్యోతినే అడగాలి కదా. కొంతసేపటికి ఆయనే అటు తిరిగి కూర్చునే కేకేశాడు: "ఆ చివర పొయ్యి మంట తగ్గియ్యండప్పా. మాడు వాసనొస్తాంది." ఎవరో తగ్గించారు. అంత కోపంలోనూ అన్నాన్ని మాడనివ్వని మనిషి మా మధ్య ఉన్నాడని నాకు ఆ పూట కొంచెం ధైర్యం కలిగింది.

జ్యోతి ఆ రోజు మెతుకు ముట్టలేదు. తప్పు చేశానని తెలిసిన మనిషి చేసే పనే చేసింది: ఇంకా గట్టిగా పని చేసింది.

మరునాడు పొద్దున కూడా ఉరుకుందప్ప పోయి ఆ రాయి మీదే కూర్చున్నాడు. గ్యాసు సిలిండర్లు అయిపోవచ్చాయి. ఏజెన్సీవాడు ఫోనులో సరిగ్గా మాట్లాడటం లేదని జ్యోతి తనే ఆటోలో ఆత్మకూరు బయలుదేరింది. తోడుగా నేనూ ఎక్కాను. ఆటోలోనన్నా కాసేపు కళ్ళు మూసుకోమన్నాను. మూసుకుంది. రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. ఎదుటి నుంచి వచ్చే జనాన్ని ఆటో హారను కొట్టినప్పుడల్లా లేచి, ఎంతమంది ఉంటారు నాయనా అని అడిగేది.

ఏజెన్సీలో ఆలస్యమైంది. సిలిండర్లు ఎత్తుకొని తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తి మీదికి వస్తోంది. ఆత్మకూరుకూ పందిరికీ మధ్య దారిలో ఫోనుకు సిగ్నల్ ఉండదు. దారిలో మా ట్యాంకరు ఎదురైంది. క్యాబిన్‌లోంచి మహానంది చెయ్యెత్తి పలకరించాడు. జ్యోతి కూడా ఆటోలోంచి వంగి చెయ్యి ఊపింది. "ఈ పొద్దు నీళ్ళు బిరీన దింపినాడు నాయనా. తిట్టినందుకు బాగుపడినాడు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళో అయింది. దాన్ని చూసిన సంతోషంలో ట్యాంకరు ఎంత బరువుగా వెళ్తోందో నేను గమనించలేదు.

పందిరికి చేరేసరికి పంక్తి కూర్చొని ఉంది. పందిరి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ బయట చెట్ల నీడన. ముందర విస్తరాకులు పరిచారు, ఉప్పు వడ్డించారు. అంతకు మించి ఏమీ లేదు. పొయ్యిల మీద గుండిగలు ఖాళీగా ఉన్నాయి. కడిగిన బియ్యం గంపల్లో ఆరిపోతున్నాయి. డ్రమ్ములన్నీ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

జరిగింది పెద్దక్క చెప్పింది. మహానంది నీళ్ళు తెచ్చాడు. ఏ డ్రమ్ముల్లో దింపాలి అని అడిగాడు. జ్యోతక్క రావాలన్నారు. ఇంజను ఆపి నీడలో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు లేచి, మీరెవరన్నా చెప్పండమ్మా దింపేస్తా అన్నాడట. పోయినసారి తిట్లు తిన్నవాడు తనంత తాను పైపు విప్పడానికి భయపడ్డాడు. వీళ్ళు చెప్పడానికి భయపడ్డారు. అవతల ఇంకో దాసోహంవాళ్ళు నీళ్ళకు ఎదురుచూస్తున్నారు. ఆఖరుకు, సాయంత్రం మళ్ళీ వస్తానని చెప్పి నిండు ట్యాంకరు తీసుకొని వెళ్ళిపోయాడు. జనరేటరు సామాను కోసం నందికొట్కూరు వెళ్ళిన బసవరాజు అప్పుడే తిరిగి వచ్చి, విషయం తెలిసి, వచ్చిన బండి వచ్చినట్టే తిప్పుకొని మహానందిని వెతకడానికి పోయాడు.

"నువ్వే చెప్తివి కదమ్మా, అడక్కుండా చెయ్యొద్దని," అంది పెద్దక్క. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. చెప్పింది చేశామన్న అమాయకత్వమే ఉంది. ఎత్తిపొడిచినా బాగుండేది.

జ్యోతి చేతిలో ఉత్త బకెట్టు ఉంది. ఎందుకు పట్టుకుందో, ఎప్పుడు పట్టుకుందో తెలియదు. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. పంక్తి వైపు చూసింది. నూర్లమంది ఆకుల ముందు కూర్చొని ఆమె వైపే చూస్తున్నారు. చెయ్యమని చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. నాకు ఆ క్షణంలో భయం వేసింది. నీళ్ళ గురించి కాదు, కూతురి గురించి.

పంక్తిలో మొదటి ఆకు ముందు ఒక అవ్వ కూర్చొని ఉంది. నెత్తి మీది సారె బుట్ట పక్కన దించుకుంది. కన్నడం మనిషి, సరిహద్దు ఊరిదేమో తెలుగు కూడా కలిపి మాట్లాడుతోంది. చాలాసేపటి నుంచి అంతా చూస్తున్నట్టుంది. తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాచి జ్యోతి పట్టుకున్న బకెట్టులో వంచేసింది. ఆత్మకూరులో నింపుకున్న నీళ్ళవి. అడవిలో తాగడానికి దాచుకున్నవి.

జ్యోతి కంగారుపడి వద్దవ్వా, వద్దు అంటుండగానే పక్కనున్నాయన తన సీసా తీశాడు.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ బకెట్టు అందుకుంది. ఉరుకుందప్ప. రాయి మీది నుంచి ఎప్పుడు లేచి వచ్చాడో. టవల్ మళ్ళీ తలకు చుట్టుకొని ఉన్నాడు. జ్యోతిని చూడలేదు, పలకరించలేదు. బకెట్టు పట్టుకొని పంక్తి పొడుగునా నడుస్తూ మొదలుపెట్టాడు: "ఎసరుకప్పా, ఎసరుకు. తలా గుక్కెడు పొయ్యండి. మళ్ళా అన్నమై మీ ఆకులోకే వస్తాది."

జనం నవ్వారు. నవ్వుతూ పోశారు. సీసాలు, క్యాన్లు, రాగి చెంబులు. ఒక బకెట్టు నిండితే ఇంకొకటి ఎవరో అందించారు. పెద్దక్క ఎవరినీ అడక్కుండా పొయ్యి వెలిగించింది.

జ్యోతి ఆ బకెట్టు వెనక పరుగెత్తబోయింది. అలవాటు. అవ్వ ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"సాకమ్మా, సాకు. కూర్చో," అంది.

సాకు అంటే కన్నడంలో చాలని అర్థం. మా దిక్కు వాళ్ళకు తెలియని మాట కాదు. అన్నం వడ్డిస్తుంటే రోజూ వందసార్లు వినే మాట. జ్యోతి అవ్వ ముఖంలోకి చూసింది. కుచ్చెళ్ళు వదలడం లేదు కాబట్టి కూర్చుంది. కూర్చోగానే ఆమె అరికాళ్ళు బయటికి కనిపించాయి. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టినేల మీద తిరిగిన కాళ్ళు. మడమలు బీటలు వారి నెత్తుటి చారలు ఉన్నాయి. నడిచి వచ్చినవాళ్ళ కాళ్ళకు రాయడానికి పంక్తి మొదట్లో ఆముదం గిన్నె పెట్టి ఉంటాం. అవ్వ ఆ గిన్నె జరుపుకొని, జ్యోతి కాలు లాగి తన ఒళ్ళో పెట్టుకుంది.

జ్యోతి అదిరిపడింది. పెద్దావిడ తన కాళ్ళు పట్టుకోవడమేమిటని వెనక్కు లాక్కోబోయింది. "తప్పవ్వా. నువ్వు నా కాళ్ళు ముట్టగూడదు. నేనే నీకు రాయల్ల."

"యాకె ముట్టగూడదు? నేను మగళ ఇంటికి పోతాండా. మగళ కాళ్ళు అమ్మ పట్టితే తప్పేన?" అంది అవ్వ. యాకె అంటే ఎందుకు, మగళు అంటే కూతురు. ఆముదం వేళ్ళతో తీసి పగుళ్ళలో పెట్టి రుద్దుతూ, కొంచెం కోపంగానే అడిగింది: "పుణ్యమంతా నీకొక్కదానికే కావల్నా? నాకు రవ్వంత మిగిలియ్యవా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. జ్యోతి నవ్వలేదు, ఏడవలేదు. కాలు మాత్రం వెనక్కు తీసుకోలేదు. ఎసరు మరిగే చప్పుడు వచ్చినప్పుడు తల అటు తిరిగింది. బియ్యం ఎవరు పోస్తారో, ఎంత పోస్తారో అని ఆమె భుజాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. అవ్వ రెండో కాలు ఒళ్ళోకి తీసుకుంది. బియ్యం పడ్డ చప్పుడైంది. జ్యోతి లేవలేదు.

ఆ పూట అన్నం కొంచెం పలుకైంది. అన్నం దిగే వేళకు బసవరాజు మోటార్‌సైకిల్ ముందూ మహానంది ట్యాంకరు వెనకా వచ్చాయి. ఏ డ్రమ్ముల్లో దింపాలని మహానంది అడిగాడు. బసవరాజు ఒకసారి జ్యోతి వైపు చూసి, తాగేవాటిల్లో దింపప్పా అన్నాడు. పంక్తిలో ఖాళీ సీసాలన్నీ ముందు నింపి ఇచ్చాకే డ్రమ్ములు నింపారు. అవ్వ తిని, చెయ్యి కడుక్కొని, బుట్ట నెత్తికెత్తుకొని, అందరితో పాటు అడవిలోకి నడిచిపోయింది. పేరు అడగలేదు మేము.

మరునాడు జ్యోతి ఉరుకుందప్ప దగ్గరికి వెళ్ళింది. తప్పైంది అంటుందేమో అని నేను దూరం నుంచి చూస్తున్నాను. ఆ మాట అనలేదు. "ఏం చెయ్యమంటావు చిన్నాయనా?" అని అడిగింది.

ఉరుకుందప్ప తెడ్డు తిప్పుతూనే ఎర్రగడ్డల మూట, అదే ఉల్లిపాయల మూట, చూపించాడు. "ఆడ కూర్చొని కొయ్యి. సన్నగా కొయ్యల్ల. లీడరు కోసినట్ల కాదు."

జ్యోతి కూర్చొని కోసింది. కళ్ళు తుడుచుకుంటుంటే, గడ్డలకేనా అని పెద్దక్క అడిగింది. గడ్డలకేలే అంది జ్యోతి. చిన్నాయన వెనక్కు తిరిగి చూసి, పక్కనున్న మంచినీళ్ళ చెంబు కాలితో ఆమె వైపు జరిపాడు. అలక తీరిందని అట్లా తెలిసింది.

అంతటితో ఆమె నెమ్మదించిందని చెబితే అబద్ధమవుతుంది. ఎర్రగడ్డలు అయ్యాక ఆముదం గిన్నె దగ్గర కూర్చునేది, వచ్చినవాళ్ళ కాళ్ళకు రాసేది. చేతులు కాళ్ళ మీద ఉండేవి, చెవులు పందిరంతా తిరిగేవి. గిన్నె ఎక్కడన్నా కిందపడితే ఆమె సగం లేచేది. "నాయనా, చేతులు పీకుతాండాయి నాకు. ఆడ పప్పు అడుగంటుతాంది. ఎవురూ చూస్తలేరు," అని నన్ను పిలిచి చెప్పేది. చూస్తారులేమ్మా అనేవాణ్ణి. ఒక్కోసారి చూసేవారు కాదు, పప్పు అడుగంటేది. ఒక పూట అన్నం సంగటిలా ముద్దయింది. వడ్డిస్తూ ఉరుకుందప్ప, ఈ పొద్దు స్పెషల్ అని చెప్పుకుంటూ పోయాడు. తాగే నీళ్ళూ వాడకం నీళ్ళూ ఇంకొకసారి కలిసిపోయాయి కూడా. ఎవరో కనిపెట్టి పారబోశారు. వీటిలో ప్రతిదానికీ జ్యోతి లేవబోయేది. కానీ ఆమె ముందర ఎవరిదో ఒక పాదం ఉండేది, దాన్ని సగంలో వదిలి లేవడం కుదిరేది కాదు. ఒకాయన కాలికి ముల్లు దిగి చీము పట్టింది. దాన్ని తీసి కడిగి కట్టు కట్టేసరికి, అవతల గ్యాసు అయిపోయిన సంగతీ, బసవరాజు కొత్త సిలిండరు తగిలించిన సంగతీ ఆమెకు తెలియనే లేదు. తరవాత తెలిసి ఆశ్చర్యపోయింది.

మా ఊరివాళ్ళు ఇంకా వచ్చి ఆమెనే అడిగేవారు. మొదట్లో ఆమె చెప్పబోయి ఆగేది. తరవాత తరవాత, నీకేం తోస్తాంది అని ఎదురు అడగడం మొదలుపెట్టింది. పెద్దక్కకు ఇది నచ్చలేదు. "నాకు తోచేటట్లుంటే నిన్నెందుకు అడుగుతా?" అంది. మరుసటి పూటకు తోచింది ఆమెకు. ఆ తరవాత పెద్దక్కను ఆపడం మాకు కష్టమైంది.

ఒకరోజు మధ్యాహ్నం బసవరాజు జ్యోతి పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆమె ఎవరిదో కాలు తుడుస్తోంది. నేను మైకు వైర్లు సర్దుతూ అక్కడే ఉన్నాను. తేల్చుకొమ్మని నాతో చెప్పిన మాట ఆమెతో అంటాడేమో అనుకున్నాను. అతను ఇంకేదో అడిగాడు.

"తిన్న్యావా?"

"తిన్న్యా."

"కూర్చొనే తిన్న్యావా?"

"పెద్దక్క కూర్చోబెట్టింది."

కాసేపయ్యాక బసవరాజు ట్యాంకరు వస్తున్న చప్పుడు విని లేచి వెళ్ళాడు. నీళ్ళ పని అప్పటికి పూర్తిగా అతనిదైపోయింది. వచ్చే ఏడు డ్రమ్ములకు రంగులేస్తానని, తాగేవాటికి నీలం, వాడకానికి ఎరుపు వేస్తే గొడవే ఉండదని మహానందితో చెప్తున్నాడు. వచ్చే ఏడు అన్న మాట అతని నోట విని నేను వైర్లు చుట్టడం ఆపి నిలబడ్డాను.

ఉగాది ముందటి రోజు జనం పలచబడ్డారు. వెళ్ళాల్సినవాళ్ళు అడవి దాటి కొండకు చేరిపోయారు. వెనకబడ్డవాళ్ళు, కుంటుకుంటూ వచ్చేవాళ్ళు మాత్రమే వస్తున్నారు. ఆ మధ్యాహ్నం ఒక కారు వచ్చి పందిరి ముందు ఆగింది. మండలంలో ఏదో పదవిలో ఉన్న నాయకుడు, తెల్ల చొక్కా. ఆయన వెంట కెమెరా పట్టుకున్న మనిషి, పళ్ళెంలో శాలువా, దండ పట్టుకున్న ఇంకో మనిషి.

"ఈ దాసోహం నడిపే లీడరమ్మ ఎవరప్పా? సన్మానం చెయ్యల్ల," అన్నాడు.

ఉరుకుందప్ప వడ్డిస్తూనే తల ఎత్తి చూశాడు. స్టోరు పక్కన బియ్యం మూటల మధ్య జ్యోతి నిద్రపోతోంది. గిన్నెల చప్పుడు, జనం కేకలు, పక్కనే జనరేటరు, ఏవీ ఆమెకు వినిపించడం లేదు. కాళ్ళు చాపుకొని, ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి నేలమీద వదిలేసి. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. కూతురు అట్లా పడుకోవడం నేను ఆమె చిన్నప్పుడు చూశాను.

"పండుకొనుండాది," అన్నాడు ఉరుకుందప్ప.

"లేపండప్పా. రెండు నిమిషాలు. ఫోటో తీసుకొని పోతాం."

ఎవరూ కదల్లేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దక్క గరిటె పట్టుకొని నాయకుడికీ జ్యోతికీ మధ్య వచ్చి నిలబడింది. "లేపం సారూ. ఎండన పడి వచ్చినారు, ఆకు ముందు కూర్చోండి. సన్మానం తరవాత, ముందు అన్నం తినండి," అని ఆకు పరిచింది. ఆయన కాసేపు ఇబ్బంది పడ్డాడు. ఆకలి కూడా వేసినట్టుంది. చెప్పులు విప్పి పంక్తిలో కూర్చున్నాడు. కుంటుకుంటూ వచ్చిన ఒక ముసలాయన పక్కన ఆయనకు చోటు దొరికింది. తిన్నాడు. రెండోసారి చారు అడిగి పోయించుకున్నాడు. పోతూ పోతూ, శాలువా మీరే కప్పండి అని పళ్ళెం పెద్దక్క చేతికిచ్చాడు.

దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఎర్రటి శాలువా, జరీ అంచు. ఆ ఎండలో కప్పుకునే వస్తువు కాదు. అప్పటికి పొద్దు వాలి, పందిరి తడిక సందులోంచి ఎండ జ్యోతి కళ్ళ మీదికి వస్తోంది. ఆమె నిద్రలోనే కనుబొమలు ముడిచింది. బసవరాజు నీళ్ళ పైపు కింద పెట్టి వచ్చాడు. పెద్దక్క చేతిలోంచి శాలువా తీసుకొని, మైకు వైరు కట్టిన రెండు గుంజల మధ్య ఆమె ముఖానికి ఎండ తగలకుండా అడ్డంగా వేలాడదీశాడు. ముడిపడ్డ కనుబొమలు విడిపోయాయి.

నేను మైకు అందుకోబోయి, ఆ వైరు కదిలితే నీడ కదులుతుందని ఆగిపోయాను. ఎవరిదో చేతికర్ర ఇక్కడ ఉండిపోయింది, ఆ సంగతి చెప్పాల్సి ఉంది. మైకులో చెప్పకుండా కర్ర పట్టుకొని రోడ్డు మీదికి నడిచి, కనబడ్డవాళ్ళనల్లా అడిగాను. తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా లేవలేదు. పొద్దు వాలేకొద్దీ ఎండ పక్కకు జరుగుతోంది. అది జరిగినప్పుడల్లా బసవరాజు లేచి వెళ్ళి శాలువాను కొంచెం జరిపి వస్తున్నాడు.